పద్నాలుగు శాతం

మొగిలవ్వ అరుగు దిగలేదు.

పొద్దున మల్యాలలో మొదటి బస్సెక్కి, జగిత్యాలలో మారి, ఎనిమిది కాకముందే కోరుట్లలో దేవేందర్ ఇంటి ముందు ఆటో దిగింది. చంకన బీడీల చాట. చాటలో తడిపిన తునికాకు, తంబాకు, కత్తెర, దారపుండ. ఎవరినీ పిలవలేదు, ఎవరినీ తిట్టలేదు. గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. చుట్టిన బీడీలు పక్కన కట్టలు కట్టలుగా పేరుతున్నాయి.

తిట్టినా బాగుండేదని దేవేందర్‌కు అనిపించింది. తిట్టే మనిషిని నలుగురిలో తప్పుపట్టవచ్చు. తన పని తాను చేసుకుంటున్న మనిషిని ఏమని లేపుతారు?

దేవేందర్ భార్య సరిత మూడుసార్లు టీ తెచ్చింది. రెండుసార్లు అన్నానికి లేవమంది. ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని మొగిలవ్వ చెప్పేసింది.

"నా కొడుకును ఎప్పుడు రప్పిస్తవో తారీకు జెప్పుమను మీ ఆయనను. అప్పటిదాక గీడనే కూసుంట. నాకేం తొందర లేదమ్మా. నా పని నాతోనే ఉన్నది."

ఆమె కొడుకు సంజీవ్‌ను ఎనిమిది నెలల కింద దేవేందరే పంపించాడు, చిన్న యూరప్‌కు.

ఆ దేశం అసలు పేరు దేవేందర్‌కే సరిగ్గా నోరు తిరగదు. ఆఫీసులో అందరూ చిన్న యూరప్ అంటారు. దుబాయి, మస్కట్ పేర్లు విని విని జనానికి మొహం మొత్తింది. అక్కడి నుంచి దిగిన శవాల పెట్టెలు చూసి చూసి భయం కూడా పట్టుకుంది. అందుకే రెండేళ్ల కింద దేవేందర్ బోర్డు మార్చాడు. బస్టాండు దగ్గరి ఆఫీసు మెట్ల పక్కన మనిషెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద సూట్‌కేసు పట్టుకుని నవ్వే కుర్రాడు, వాడి పక్కనే పైకి లేచిన పచ్చగీత. కింద పెద్ద అక్షరాలతో, 'యువకుల ఉద్యోగాలు ఒక్క ఏడాదిలో పద్నాలుగు శాతం పెరుగుదల. అక్కడి ప్రభుత్వ లెక్క.'

ఆ గీత గీసింది దేవేందర్ కూతురు పూజ. జగిత్యాలలో డిగ్రీ చదివింది, స్టాటిస్టిక్స్‌లో ఫస్టు క్లాసు. చదువు అయ్యాక తండ్రి ఆఫీసులోనే కంప్యూటర్ ముందు కూర్చుంది.

హాల్లో ఇవాళ చుట్టాలున్నారు. సిరిసిల్ల నుంచి సరిత అన్న రాములు, అతని కొడుకు శ్రవణ్. నాలుగు గంటలకు ఎయిర్‌పోర్టుకు కారు వస్తుంది. శ్రవణ్‌కు ఇరవై రెండేళ్లు. పదిహేనో ఏట నుంచి తండ్రి సాంచాల మీదే పెరిగాడు. సాంచాలంటే మరమగ్గాలు. నాలుగుండేవి. పోయిన వారం నాలుగూ పాత ఇనుము కింద తూకానికి పోయాయి.

"బావా," అన్నాడు రాములు గొంతు తగ్గించి, "గా బయట కూసున్నామె ఎవలు?"

"మల్యాలామె. కొడుకు మీద బెంగ పెట్టుకున్నది. తల్లి పానం గదా బావా."

"బెంగ గాదన్నా," వంటింట్లోంచి సరిత గొంతు వచ్చింది. "కొడుకును వాపస్ తెచ్చియ్యిమంటున్నది. నా అన్నకన్న నిజం జెప్పరాదు?"

"నువ్వు అన్నం వొడ్డియ్యి," అన్నాడు దేవేందర్.

సరిత వడ్డించింది. రాములు కంచంలో చెయ్యి పెట్టి తీశాడు. శ్రవణ్ తల ఎత్తకుండా తిన్నాడు. చికెన్ కూర బాగుందని ఎవరూ అనలేదు. గుమ్మం అవతల ఆకు కత్తిరిస్తున్న చప్పుడు అందరికీ వినిపిస్తోంది, ఎవరికీ వినిపించనట్టే కూర్చున్నారు.

లోపలి గదిలో పూజ మంచం మీద కూర్చుని ఉంది. ఎదురుగా లాప్‌టాప్, పక్కన శ్రవణ్ పాస్‌పోర్టు. ఆమె అన్నం తినలేదు. 

పొద్దున మొగిలవ్వ వచ్చిన పావుగంటకే పూజ ఉండబట్టలేక సంజీవ్‌కు వీడియో కాల్ చేసి, ఫోను వాడి తల్లి చేతికిచ్చింది. తెరమీద సంజీవ్ దుప్పటి కప్పుకుని కనిపించాడు. గడ్డం మాసిపోయింది. వెనకాల నేలమీద వరసగా పరుపులు, వాటి మీద పడుకున్న మనుషులు. తల్లిని చూడగానే వాడు ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, తర్వాత పూజతో మాట్లాడాడు.

"గీ గదిల తొమ్మిది మందిమి ఉన్నం అక్కా. పని ఒక్కలకే. బువ్వడబ్బాలు సైకిల్ మీద ఇంటింటికి ఇచ్చుడు. కొలువు మీద పేరు ఒక్కలది, సైకిల్ ఒక్కటే. వంతులేసుకొని గంటకొకలం తిరుగుతున్నం."

"తొమ్మిది మందిల ఒక్కలకేనా? మరి కొలువులు పెరిగినయని ఆళ్ల సర్కారే..."

"సర్కారోళ్లు మా గదికి సుత అచ్చిండ్రక్కా. పోయిన వారంల ఒక్క గంటన్న పని జేసినవా అని అడిగిండ్రు. జేసిన అన్న. తొమ్మిది మందిమి గట్లనే అన్నం. రాసుకొని పోయిండ్రు."

కాల్ అయిపోయాక పూజ లాప్‌టాప్ తెరిచి, ఆ దేశం లెక్కల పట్టిక మళ్లీ తీసింది. పట్టిక కింద చీమ తలకాయంత అక్షరాలు. వారంలో కనీసం ఒక గంట పనిచేసిన ప్రతివారినీ ఉద్యోగంలో ఉన్నట్టుగా లెక్కించడమైనది. ఈ మాట ఆమెకు కొత్త కాదు. ఫ్లెక్సీ చేసేటప్పుడే చదివింది. చోటు చాలడం లేదని తండ్రితో అంటే, తీసెయ్యమన్నాడు. తీసేసింది. ఒక్క మీట నొక్కితే పోయింది.

ఒక్క సైకిలు. ఒక్క పేరు. లెక్కలో తొమ్మిది ఉద్యోగాలు. ఇలాంటి గదులు అక్కడ ఎన్నున్నాయో, గీత అంతెత్తు లేవడానికి. ఇక్కడి నుంచి పిల్లల్ని పంపుతారు, వాళ్లతో అక్కడ గీత లేస్తుంది, లేచిన గీతను చూపించి ఇక్కడ ఇంకో పిల్లాడిని పంపుతారు. పూజకు తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులు రెండుసార్లు సబ్బుపెట్టి కడుక్కుంది. ఊరికే కడుక్కుంది, చేతులకేమీ అంటుకోలేదు.

ఆ చేతుల గొడవ ఒకటుంది. పూజ చెయ్యి మంచిదని ఈ చుట్టుపక్కల పేరు. ఎప్పుడో ఆమె చిన్నప్పుడు దేవేందర్ ఒక కుర్రాడికి ఆమె చేతుల మీదుగా పాస్‌పోర్టు ఇప్పించాడట, వాడు మస్కట్‌లో ఫోర్‌మన్ అయ్యాడట. అప్పటి నుంచి ఎవరు బయలుదేరినా ఇంటికి రావాలి, పూజ బొట్టు పెట్టి, రెండు చేతులా పాస్‌పోర్టు అందించాలి, వాళ్లు కళ్లకద్దుకోవాలి. తర్వాత ఎంతమంది చెడి వచ్చినా ఆ పేరు చెడలేదు. ఎందుకంటే చెడి వచ్చినవాళ్లు ఈ వీధిలోకి మొహం చూపించరు. సిగ్గంతా పోయినవాడిదే, పంపినవాడికి ఉండదు. ఇంత దరిద్రపు పద్ధతి ఇంకెక్కడైనా ఉందో లేదో.

దేవేందర్ గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"అన్నం తినక ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"పొద్దుగాల సంజీవ్ ఏం జెప్పిండో నీకు అమ్మ జెప్పిందా?"

"జెప్పింది. మొదాలు అందరు ఏడుస్తరు. నేను మస్కట్ల ఆర్నెల్లు ఏడ్చిన. గా ఏడుపుతోనే ఈ ఇల్లు లేసింది."

ఆ మాటతో పూజకు గోడలు, టైల్స్, మంచం కూడా రోతగా కనిపించాయి.

"మనం అబద్ధం రాసినం బాపు."

"ఏది అబద్ధం? పద్నాలుగన్నది నువ్వు పెట్టిన అంకెనా, నేను పెట్టిన అంకెనా? ఆళ్ల సర్కారు పెట్టిన అంకె."

"కింద మాట తీసేసింది మనమే గద."

"గా కిందిది ఫ్లెక్సీ మీద ఎవడు సదువుతడు?"

"వారానికి ఒక్క గంట బాపు. ఒక్క గంట జేసినోన్ని సుత ఆళ్లు కొలువున్నోడంటరు."

"సిరిసిల్లల ఎన్ని గంటలున్నది మరి? అడుగు మీ మామను. నెలల సగం దినాలు సాంచాలు బందే. గీడ సున్న, ఆడ ఒక్కటి. సున్నకంటె ఒక్కటి ఎక్కువ గాదా? నువ్వే గద సదువుకున్నది."

 ఆ లెక్క పూజకు మంటగా ఉంది. తండ్రి చెప్పేదాంట్లో ప్రతి ముక్కా నిజమే, కలిపితే మాత్రం ఒక పిల్లాడి బతుకు బండల పాలు.

"శ్రవణ్‌కు నేను పాస్‌పోర్టు ఇయ్య," అంది.

దేవేందర్ కోప్పడలేదు. ఫోను తీసుకుని మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్లిపోయాడు.

అరుగు మీద మొగిలవ్వ చేతులు ఆగకుండా ఆడుతున్నాయి. పూజ వెళ్లి పక్కన కూర్చుంది.

"నీళ్లన్న తాగు అవ్వా."

"వద్దు బిడ్డా."

"నా మీద కోపమున్నదా?"

మొగిలవ్వ బీడీ కొసను గోటితో మడిచింది. "నీ చెయ్యి మంచిదని నేనే వాణ్ణి తోలుకచ్చిన. నువ్వు బొట్టు పెడుతుంటె నేను మొక్కిన. కోపం ఎవలి మీద జెయ్యాలె?" అని, ఇంకో ఆకు తీసుకుని, "వాడు ఒక్క గంట జేసిన్నంటే రాసుకున్నరట. నేను పొద్దు పొడిసినకాన్నుంచి పొద్దుగూకేదాక బీడీలు జేస్త. నన్ను ఎవలన్న రాసుకున్నరా ఎన్నడన్న?" అంది.

 పైన మిద్దె మీద తండ్రి ఎవరితోనో మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు.

మూడున్నరకు దేవేందర్ కిందికి దిగాడు. మొహం తేటగా ఉంది. కొత్త చొక్కా వేసుకున్నాడు.

"ఇగ కానియ్యుండ్రి. కారు చౌరస్తకాడికి వచ్చిందట."

సరిత పళ్లెంలో కుంకుమ తెచ్చింది. శ్రవణ్ హాలు మధ్యలో తూర్పు మొహంగా నిలబడి రెండు చేతులూ చాపాడు. వాడి వేళ్ల చివర్లు నూలు దారం కోసిన గాట్లతో ఉన్నాయి. పూజ పాస్‌పోర్టు పట్టుకుని వచ్చి, వాడి ముందు ఆగింది. బొట్టు పెట్టలేదు.

"శ్రవణ్, నువ్వు పోయే ముందు ఒక మాట ఇను," అని మొదలుపెట్టి అన్నీ చెప్పింది. గది, తొమ్మిది మంది, ఒక్క సైకిలు, పట్టిక కింది మాట. తనే ఆ మాట చెరిపేశానని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపు తండ్రి వైపు చూడలేదు.



"ఏంది బిడ్డా గీ మాటలు, పోయే ముందల?" అన్నాడు రాములు. "సాంచాలు అమ్ముకుంటిమి గద. ముందే జెప్పకపోతివా?"

"ఆళ్ల సంగతి నాకు పొద్దుగాలనే తెల్సింది మామా."

"పొద్దుగాల ఎట్ల తెల్సింది? గా పోరడు జెప్తె తెల్సింది," అన్నాడు దేవేందర్ తాపీగా. "మంచిది. నేను జెప్తె నమ్మరు. నా బిడ్డ జెప్తె నమ్ముతరు. ఎందుకు కొట్లాట? గా సంజీవ్‌నే అడుగుండ్రి. చెయ్యి బిడ్డా ఫోన్. అందరి ముంగట చెయ్యి."

పూజకు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే కాల్ చేసి, ఫోను అందరికీ కనపడేలా పట్టుకుంది.

సంజీవ్ ఎత్తాడు. గడ్డం గీసుకున్నాడు. ఎవరిదో జాకెట్ వేసుకున్నాడు. వెనకాల నీలంగా సముద్రం, తెల్లటి పడవలు.

"సంజీవ్, వీడు శ్రవణ్, మా మామ కొడుకు. ఇయ్యాల బయలెల్తున్నడు. పొద్దుగాల నాకు జెప్పింది వీనికి జెప్పు."

సంజీవ్ ఒక్క క్షణం పక్కకు చూశాడు. తర్వాత నవ్వాడు.

"మంచిగున్నది తమ్మీ. రా. పని ఉన్నది. మొదాలు జర తిప్పలయితది, అటెన్క అలవాటైతది."

"సంజీవ్!" అంది పూజ. "పొద్దుగాల ఏడ్చినవ్ గద. తొమ్మిది మందిమి అన్నవ్."

"పొద్దుగాల పానం మంచిగ లేకుండె అక్కా. ఏదేదో అన్న. రా తమ్మీ, నేనున్న."

సరిత చేతిలోని పళ్లెం బల్లమీద చప్పుడయ్యేలా పెట్టింది. "గంటసేపు మిద్దె మీద ఎవలతోని మాట్లాడినవయ్యా?" అని మొగుణ్ణి అడిగింది. దేవేందర్ గోడ గడియారం చూశాడు. "నిన్నే అడుగుతున్న. గా పోరనికి ఏం ఆశ వెట్టినవ్?"

దేవేందర్ చొక్కా గుండీలు సర్దుకున్నాడు. సరితకు అతని మీద ఏవగింపు కలిగింది. ఇరవై ఆరేళ్లు ఈ మనిషికి అన్నం వడ్డించానే అనుకుంది.

గుమ్మంలో నీడ పడింది. పొద్దున్నుంచి గడప దాటని మొగిలవ్వ లోపలికి వచ్చింది. తంబాకు అంటిన చేత్తోనే పూజ చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఇటు సూడురా."

"అవ్వా, నువ్వు గీడ... ఇంక ఇంటికి పోలేదా?"

"గది సూపియ్యి."

"బయట ఉన్న అవ్వా."

"ఎవలి అంగిరా అది? నీకేమిస్తనన్నరు?"

"అవ్వా, జర ఇంటికి పో. నీకు దండం పెడ్త. నా బతుకుల మన్ను పొయ్యకు."

తెర నల్లబడింది. మొగిలవ్వ ఫోను వైపే చూస్తూ ఉన్నచోటనే నేలమీద కూలబడింది. పూజ పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది.

"కొన్నరు," అంది. "పుట్టెడు దుఃఖంల ఉన్న నా కొడుకును ఒక్క గంటల కొన్నరు. థూ!"

ఆ ఉమ్ము ఎవరి మీదా పడలేదు. కాని దేవేందర్ ఒక అడుగు వెనక్కు వేశాడు.

బయట కారు వచ్చి ఆగింది. హారన్ మోగింది.

"ఇన్నరు గద అందరు," అన్నాడు శ్రవణ్. పొద్దున్నుంచి వాడు మాట్లాడటం అదే మొదటిసారి. "ఇయ్యి వదినా."

"నీకు వాడు జెప్పింది నిజమనిపించిందా? గా సముద్రం, గా అంగి?"

"అనిపియ్యకుంటె మాత్రం ఏం జెయ్యాలె?" అన్నాడు వాడు. "సాంచాలు లేవు. ఇంటికి పోతె ఖాళీ షెడ్డు సూసుకుంట కూసోవాలె. ఎవలన్న అడిగితె మోసపోయిన అని జెప్పాలె. నేను ఆ గదిల పదో మనిషినైత తియ్యి. నువ్వు పాస్‌పోర్టు వట్టుకొని ఇయ్యకుంటె, నువ్వు సుత మామసొంటిదానివే. గా పాస్‌పోర్టు నాది."

పూజకు ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. నిజమే, అది వాడిది. ఈ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎందరివో పాస్‌పోర్టులు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నది తండ్రే. తాను ఇవ్వనని పట్టుకుంటే, తండ్రి చేసే పనే తానూ చేసినట్టు. ఇస్తే, ఆ మంచి చేతి పేరు మళ్లీ ఒకరిని తీసుకుపోతుంది.

ఆమె వంగింది. పాస్‌పోర్టును వాడి చేతుల్లో పెట్టకుండా, నేలమీద పెట్టింది.

"నీదే. నేను పట్టుకోను. పోతవా ఆగుతవా నీ ఇష్టం. కాని నా చెయ్యి మంచిదని మాత్రం పోకు. నా చెయ్యి మంచిది గాదు."

"కింద పెడ్తవా బిడ్డా!" అని రాములు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పోయేవాడి కాగితం నేల తాకితే ఏమవుతుందో తలుచుకోవడానికే ఆయనకు భయం వేసింది.

"తియ్యిరా శ్రవణ్," అన్నాడు దేవేందర్. తాను మాత్రం వంగలేదు.

శ్రవణ్ వంగాడు. వాడి చెయ్యి అందే లోపలే ఇంకో చెయ్యి దాని మీద పడింది. మొగిలవ్వ అరచెయ్యి. వేళ్లన్నీ ఆకు పసరుతో నల్లబడి ఉన్నాయి.

"ముందుగాల నా కొడుకు రావాలె," అంది ఆమె, శ్రవణ్ కళ్లలోకి చూస్తూ. "అటెన్క నువ్వు పోదువు."

"చెయ్యి తియ్యి అవ్వా."

"తియ్య."

"నాకు టైమైతున్నది."

"వాడు గిట్లనే అన్నడు ఆనాడు. అవ్వా జెల్ది, కారచ్చింది అన్నడు. నేను జెల్ది జేసిన. ఇప్పుడు తియ్య కొడుకా."

హారన్ మళ్లీ మోగింది, ఈసారి ఆపకుండా.  సరిత గోడకు చేరగిలబడింది. "లాగురా," అన్నాడు దేవేందర్ పళ్ల మధ్య నుంచి, "ఆడిమనిషి చెయ్యి, ఎంత బలముంటది?"

శ్రవణ్ మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో మొగిలవ్వ మణికట్టు పట్టుకున్నాడు.